హాల్వర్ పేరు

పైన్ హార్బర్, మిన్నెసోటా
జనవరి, ఆదివారం

ప్రియమైన ఆర్డిస్ అక్కా,

నేను అరుస్తానని నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి కాగితం మీద అరుస్తున్నాను.

సరస్సు గడ్డకట్టింది, పడవల షెడ్డులో బాగుచేయడానికి ఒక్క ఇంజనూ లేదు. పోయిన వారం కెఫేలో కూర్చుని ఉంటే మంగలి డ్వేన్ తన ఫోన్ నా ముందు పెట్టి, "ఇది మీ నాన్న గురించే కదూ" అన్నాడు. ఏదో నవ్వించే వెబ్‌సైట్. ఆఫీసుల్లో పని ఎగ్గొట్టేవాళ్లు చదువుకునే రకం. అతి తెలివితక్కువగా చచ్చినవాళ్ల మీద ఒక వ్యాసం వేశారు. అందులో మన నాన్న ఉన్నాడు. లెలాండ్ ఓస్బీ అని పేరు పెట్టి మరీ రాశారు. చలికాలంలో సరస్సు మంచు మీద వేసుకునే చేపల గుడిసెలో మర్చిపోయిన బీరు పెట్టె కోసం ఏప్రిల్ నెలలో, కరుగుతున్న మంచు మీద ట్రక్కు తోలుకుంటూ వెళ్లి మునిగిపోయాడట. పక్కన బొమ్మ. నీళ్లలోంచి పైకి లేచిన ఒక చెయ్యి, ఆ చేతిలో సీసా.

కింద వ్యాఖ్యల్లో నేను నిజం రాశాను. హాల్వర్ స్టెన్‌రూడ్ అనే పొరుగువాడు బుద్ధి లేకుండా ఆ మంచు మీదికెళ్లి గుడిసెలో చిక్కుకుంటే, అతన్ని తీసుకురావడానికి మా నాన్న వెళ్లాడని, హాల్వర్ నడిచి ఒడ్డుకొచ్చాడని, మా నాన్న రాలేదని రాశాను. వెంటనే ఒకడు, "అయితే వెధవలు ఇద్దరన్నమాట" అన్నాడు. ఇంకొకడు మా వంశంలో ఇంకా మనుషులు మిగిలి ఉండటమే విడ్డూరం అన్నాడు. ఫ్లోరిడావాడట, జన్మలో గడ్డకట్టిన సరస్సు చూడనివాడు, ట్రక్కు బరువుకు ఎంత మందం మంచు కావాలో నాకు పాఠం చెప్పాడు. వాడి లెక్క తప్పని చూపించాను. వాడి స్పెల్లింగు కూడా తప్పని చూపించాను. దాంతో నా మీద పడ్డారు అందరూ. నేనూ వదల్లేదు.

నీ మరదలు జూన్ భోజనం తెచ్చి కంప్యూటరు పక్కన పెడుతోంది, చల్లారాక తీసుకెళ్తోంది. పెట్టనీ, తీయనీ. నాన్న తరఫున మాట్లాడటానికి అక్కడ నేను తప్ప ఎవరున్నారు? నువ్వూ వచ్చి రాయి.

నీ తమ్ముడు,
వెర్లిన్


స్పోకేన్
ఫిబ్రవరి మొదటివారం

ప్రియమైన వెర్లిన్,

చదివాను. ఆ బొమ్మ చూసి నాకూ కడుపు మండింది. కిందికి జరుపుకుంటూ పోతే నీ రాతలే ఎక్కువ కనిపించాయి. తాగుబోతుల మధ్య నిలబడి వ్యాకరణం చెప్పే మాస్టారిలా ఉన్నావు. వాళ్లకు మన నాన్న ఎవరో అక్కర్లేదు. నువ్వు ఎంత కోప్పడితే వాళ్లకు అంత కాలక్షేపం. ఒకణ్ణి నోరు మూయిస్తే వాడి వెనక ఇద్దరు లేస్తారు, నువ్వు ఎంతమందికని జవాబు చెబుతావు?

జూన్ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నువ్వు నిద్రలో కూడా వాదిస్తున్నావట.

నాన్న గురించి ఏం రాసుకుంటావో నీ ఇష్టం. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. హాల్వర్ పేరు అక్కడి నుంచి తీసెయ్. ఆయనకు ఎనభై దగ్గర పడింది. ఎందుకని అడక్కు, అక్క అడిగిందని చెయ్.

నా మోకాలు ఫర్వాలేదు. మెట్లు ఎక్కగలుగుతున్నాను.

ప్రేమతో,
ఆర్డిస్


పైన్ హార్బర్
మార్చి

ప్రియమైన అక్కా,

గెలిచాను.

ఆ సైటు వాళ్లు వ్యాసం మార్చారు. రోజూ రాసి రాసి, పాత జిల్లా మ్యాపులు పంపి, అమ్మ నాకు చెప్పినదంతా వరసగా పేర్చి, మీరు వేసింది చచ్చినవాడి మీద అబద్ధమని వాళ్ల ప్రాణం తీశాను. చివరికి ఎడిటర్ అనే కుర్రది క్షమించమని రెండు ముక్కలు రాసింది. ఇప్పుడు నాన్న పేరు పక్కన 'సాయం చేయబోయి ప్రాణం పోగొట్టుకున్న మంచివాడు' అని ఉంది. తెలివితక్కువవాడి స్థానంలో హాల్వర్ స్టెన్‌రూడ్ ఉన్నాడు. చావలేదు కాబట్టి అతని కోసం ప్రత్యేకంగా ఒక పేరా రాశారు, తాను చేసిన వెధవపనికి ఇంకొకణ్ణి చంపి కాళ్లు తడవకుండా ఇంటికెళ్లిన ఘనుడని. బొమ్మ కూడా మార్చారు.

నువ్వు తీసెయ్యమన్నావని తెలుసు. ఎందుకు తీసెయ్యాలి? ఇన్నేళ్లలో మన గుమ్మం తొక్కి ఒక్క మాట అన్నాడా అతను? అతని పడవ ఇంజను నా షెడ్డుకు ఎన్నిసార్లు తెచ్చినా నేను ముట్టుకోలేదు. ఎందుకని అడగను కూడా అడగలేదు, తెచ్చిన దారినే తీసుకుపోయేవాడు. తప్పు చేసినవాడు కాబట్టే అడగలేదని నేననుకున్నాను.

టెక్సస్ నుంచి ఒకతను, నన్ను అందరికంటే ఎక్కువగా ఏడిపించినవాడు, మీ నాన్న వీరుడని రాశాడు. అది జూన్‌కు పైకి చదివి వినిపించాను. లేచి అవతలి గదిలోకి పోయింది.

నిన్న కిరాణా కొట్లో హాల్వర్ కూతురు కారిన్ ఎదురుపడి, నన్ను చూసి బండి వెనక్కి తిప్పుకుంది. "అచ్చులో పడితే గుచ్చుకుందా కారిన్? మేం నలభై ఏళ్లు మోశాం" అన్నాను, నలుగురూ వినేలా. సామాను అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

నాన్న ఉంటే సంతోషించేవాడు.

నీ వెర్లిన్


స్పోకేన్
మార్చి, నీ ఉత్తరం అందిన రోజే

వెర్లిన్,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు.

నాన్న బీరు కోసమే వెళ్లాడు. సారా కొట్లో పందెం కాసి వెళ్లాడు. వాళ్లు మొదట రాసిందే నిజం. హాల్వర్ ఆ రోజు ఊళ్లోనే లేడు, కలప మిల్లులో పనికి వెళ్లాడు. మర్నాడు నడుముకు తాడు కట్టుకుని దిగి నాన్నను, ఆ ట్రక్కును పైకి తెచ్చింది మాత్రం ఆయనే.

నీకు తొమ్మిదేళ్లు. బళ్లో ఎవరో మీ నాన్న సారా కోసం చచ్చాడన్నారని పెదవి పగలగొట్టుకుని వచ్చావు. తర్వాత తిండి మానేశావు, మాట మానేశావు. ఒక సాయంత్రం హాల్వర్ వాళ్లావిడ చేసిన బంగాళాదుంపల కూర గిన్నె పట్టుకుని వచ్చాడు. వంటింట్లో అమ్మ అతనితో, "వీడికి ఏదో ఒకటి చెప్పకపోతే దక్కడు. ఎవరినో కాపాడబోయాడని చెబుతాను. ఎవరినని అడుగుతాడే" అంది. హాల్వర్ గిన్నె బల్ల మీద పెట్టాడు. తర్వాత, "నా పేరు చెప్పు. పెద్దయ్యాక అసలు సంగతి చెబుదువు గాని" అన్నాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. నా చేత కూడా ఒట్టు వేయించుకుంది అమ్మ.

ఆ రాత్రి నువ్వు అన్నం తిన్నావు. నాన్న బదులు ద్వేషించడానికి నీకు ఒక మనిషి దొరికాడు.

ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు, నీ మొహం చూసి నోరు కట్టుకున్నారు. కారిన్‌కు తెలియదు. తన తండ్రి ఒక మనిషి చావుకు కారణమని నమ్ముతూ పెరిగింది ఆ పిల్ల, నీ క్లాసు పిల్లలు అనే మాటలు వింటూ.

అమ్మ చెప్పకుండానే పోయింది. ఆ తర్వాత చెప్పాల్సింది నేను. నువ్వు పెద్దవాడివయ్యావని నాకెప్పుడూ అనిపించలేదు, అందుకని చెప్పలేదు. ఇప్పుడు అయ్యి తీరాలి.

వెళ్లు ఆ ఇంటికి.

ఆర్డిస్


పైన్ హార్బర్
మే నెల

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చింపేశాను. నువ్వు అబద్ధాలకోరువని జూన్‌తో అన్నాను. జూన్ బట్టలు సర్దుకుని వాళ్ల చెల్లెలి ఇంటికి వెళ్లింది. ఆ తర్వాత నిజం కనుక్కుందామని మంగలి డ్వేన్ తండ్రి దగ్గరికి వెళ్లాను. ముసలాయన నన్ను చూడగానే, "ఇప్పటికి తెలిసిందా నీకు" అన్నాడు. నేనింకా ఏమీ అడగలేదు.

హాల్వర్ ఇంటికి వెళ్లాను. కారిన్ తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా తండ్రిని పిలిచింది. నేను సిద్ధం చేసుకున్న మాటలు చెప్పబోతే ఆయన విననే లేదు.

"నా పేరు నేను మీ అమ్మకిచ్చాను, ఏడుస్తున్న ఒక పిల్లాడి కోసం. నువ్వు ఊరూరా చాటుకోమని ఇవ్వలేదు" అన్నాడు.

"తప్పయిపోయింది. సరిదిద్దుతాను" అన్నాను.

"నువ్వు సరిదిద్దిందే కదరా ఇదంతా," అని తలుపు వేసుకున్నాడు.

ఇంటికొచ్చి ఆ సైటులో రాశాను. నేను లెలాండ్ కొడుకును, నేను చెప్పింది తప్పు, మా నాన్న పందెం కోసం వెళ్లాడు, హాల్వర్ అక్కడ లేడు అని. ఎవడూ నమ్మలేదు. వ్యాసం సరిగ్గా చదవమన్నారు. నేను రాసిన పేరాలే తెచ్చి నా మొహాన పెట్టారు. ఆ టెక్సస్‌వాడు, చనిపోయిన వీరుడి మీద బురద చల్లడానికి సిగ్గులేదా అన్నాడు. మ్యాపులు కూడా నావే చూపించాడు. ఎడిటర్‌కు ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు. రాత్రింబవళ్లు వాదించాను అక్కా, ఈసారి నిజం కోసం, అవే మనుషులతో. ఒక్కణ్ణి కూడా కదిలించలేకపోయాను.

అప్పుడు మన ఊరి వారపత్రికకు రాశాను, పూర్తి పేరుతో. నాన్న పందెం సంగతి, అమ్మ, హాల్వర్, నేను కిరాణా కొట్లో కారిన్‌ను అన్న మాట, అన్నీ రాశాను. పోయిన గురువారం వేశారు. జూన్ అది చదివి తిరిగి వచ్చింది. ఇంకా నాతో ఎక్కువ మాట్లాడటం లేదు.

నాకు నాన్న మీద చాలా కోపంగా ఉంది. నలభై ఏళ్లు ఆ కోపాన్ని ఇంకొకరి గుమ్మంలో పారబోశాను, ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. అమ్మ మీదా ఉంది. నీ మీదా ఉంది. నువ్వు నా మీద చూపించినంతే.

శనివారం కెఫేకు వెళ్లాను. వెళ్లకుండా ఉంటే పిరికితనమవుతుందని వెళ్లాను. వారపత్రిక బల్లల మీదే ఉంది. వెనక బల్ల దగ్గర కొత్తగా వచ్చిన పడవలవాళ్లు నాన్న గురించే నవ్వుకుంటున్నారు, నేనెవరో తెలియక. ఒకడు చేతులు ఊపుతూ కథ చెబుతున్నాడు. ఫోర్డు ట్రక్కు ముక్కు ముందు దిగిందట, బుడగలు వచ్చాయట. ఫోర్డు కాదని నా నోటిదాకా వచ్చింది. కాఫీతో పాటు మింగాను. మళ్లీ ఫోర్డు అన్నాడు. మళ్లీ మింగాను.

కిటికీ దగ్గర హాల్వర్ నాకు వీపు పెట్టి కూర్చుని గుడ్లు తింటున్నాడు. ఆయన అక్కడున్నాడని అప్పటిదాకా నేను చూడలేదు. వెనక్కి తిరగలేదు, ఫోర్కు కింద పెట్టలేదు.

"షెవర్లే," అన్నాడు పెద్దగా. "లెలాండ్‌ది షెవర్లే. ఆకుపచ్చది. నేనే పైకి లాగాను."

ఆయన తినడం పూర్తిచేసి, డబ్బులు బల్ల మీద పెట్టి, నా పక్కనుంచే నన్ను చూడకుండా వెళ్లిపోయాడు.

నీ తమ్ముడు,
వెర్లిన్