నీళ్ల పైపులో స్ప్రింగు

1987 మార్చి

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇయ్యాల పేపర్లో ఒక ముక్క చదివా. మూసుకుపోయిన గుండె రక్తనాళం తెరుచుకుని ఉండేదానికి, విదేశాల్లో డాక్టర్లు లోపల సన్నటి తీగచుట్ట పెట్టి చూస్తున్నారంట. అది జారకుండా నిలబడిద్దా, రక్తం గడ్డకట్టిద్దా అని ఇంకా పరీక్షలు చేస్తన్నారంట.

పేట ఆసుపత్రిలో డాక్టరు నీ రక్తనాళం పూడిందన్నప్పుడు నువ్వేమన్నావు? "నీళ్లు లాగే ఆయిలింజను పైపు లోపలికి అతుక్కుపోతే మేం లోపల స్ప్రింగు పెడతాం సార్. దీనిక్కూడా పెట్టరాదా? చివర్లు కాస్త వెడల్పు చేస్తే జారదు."

ఇదేమన్నా మన రిపేరు షెడ్డా అని నేను పకపకా నవ్వా. "ఏందిరా మస్తానూ ఆ నవ్వు?" అన్నావు.

పొద్దున మాచవరం రైతు పైపు తెస్తే, నువ్వన్నట్టే చివర్లు వెడల్పు చేసి స్ప్రింగు వేశా. నీళ్లు బాగా లాగింది.

ఆ రోజు డాక్టరు నవ్వలేదన్నా. నేనొక్కణ్ణే నవ్వా.