దద్దుర్లకు మరమ్మతు

శ్రీమతికి,

ఆశీస్సులు. నువ్వు మీ అక్కయ్య ఇంటికి వెళ్ళి నాలుగు రోజులైంది. కోపం తగ్గిందనుకుంటాను. ఇరవై ఏళ్ళుగా ఇంట్లోనే రేడియోలు బాగుచేస్తున్నవాణ్ణి. గరగర ఎక్కడిదో తెలియకపోతే ఒక్కొక్క భాగం తీసి చూస్తాను. ఈ దద్దుర్లకూ అంతే. సబ్బు మార్చాను, తగ్గలేదు. పరదాలు తీశాను, పిల్లిని ఎదురింటికి పంపాను, అయినా తగ్గలేదు. ఇక మిగిలింది నువ్వే. ఇందులో నిందేముంది చెప్పు?

ఇట్లు,
గోక్కోలేక చస్తున్న నీ భర్త

తా.క. వీపుకి పొడవాటి స్క్రూడ్రైవర్ బాగానే అందుతోంది.

శ్రీవారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం విని అక్కయ్య పడీపడీ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పెళ్ళాన్ని పిల్లి తర్వాత వరసలో పెట్టిన మొగుణ్ణి నేనెక్కడా చూడలేదు. ఇంతకీ నేను లేకపోతే దద్దుర్లు తగ్గాయా? ఆ ముక్క రాయలేదేం? ముందు డాక్టరుకి చూపించుకోండి.

ఇట్లు,
మీరు ఊడదీసిన భాగం

తా.క. పిల్లి ఎలా ఉంది? నాకు దాని మీదే బెంగ.

శ్రీమతికి,

తగ్గలేదు. ఒప్పుకుంటున్నాను.

అలర్జీ పరీక్షల్లో పిల్లి, దుమ్ము, పుప్పొడి, ఏదీ తేలలేదు. రక్తంలో మాత్రం నా థైరాయిడ్ గ్రంథి మీదికే ఎగబడే యాంటీబాడీలు దొరికాయి. తర్వాత నా రక్తంలోంచి తీసిన సీరమే ఓ చుక్క నా చేతికి ఎక్కించారు. అరగంటలో దద్దురు లేచింది! "మీ రక్షణ వ్యవస్థే మీ మీద తిరగబడుతోందండీ. పాపం, బయటివాళ్ళ తప్పేం లేదు" అన్నాడు డాక్టరు. ఎంత విచిత్రమో చూడు! మాత్రలు రాశాడు, కాస్త నయంగానే ఉంది.

నిన్ను అనవసరంగా పంపించాను. తప్పు నాదే. ఇల్లు బావురుమంటోంది, వెంటనే వచ్చెయ్.

ఇట్లు,
నీ భర్త

తా.క. ఇక తీసి చూడాల్సింది నన్నే. ఎక్కడ విప్పాలో తెలియడం లేదు.

శ్రీవారికి,

నమస్కారాలు. "తప్పు నాదే" అన్న ముక్క అక్కయ్యకి మూడుసార్లు చదివి వినిపించాను. మాత్రలు వేళకి వేసుకోండి.

నాకూ రావాలనే ఉంది. కానీ ఓ చిక్కొచ్చింది. పన్నెండేళ్ళుగా రోజూ సాయంత్రం వచ్చే నా తలనొప్పి, ఇక్కడికొచ్చిన మర్నాటి నుంచి లేదు. అది మీ వల్లో, మీ రేడియోల వల్లో తేల్చుకోవాలిగా. అందుకని ఆదివారం నేను వస్తాను. సోమవారం మీరు మీ చెల్లెలింటికి బయలుదేరండి. రేడియోలు ఇంట్లోనే మోగుతూ ఉండనివ్వండి.

ఇట్లు,
మీ శ్రీమతి

తా.క. తప్పు రేడియోలదే కావాలని కోరుకుంటున్నాను. వాటినైతే అమ్మెయ్యొచ్చు.