దుమ్ము తగలని మిషన్లు

ఏప్రిల్ 7, 2013. ఆదివారం

నాలుగు ఆక్సిజన్ మిషన్లు దిగాయి. దూరదేశపు దాతలు పంపారు. గదిలో గాలి పీల్చి అందులోంచి ఆక్సిజన్ తీసి గొట్టంలోకి వదులుతాయి. సిలిండర్ల కోసం గెదారెఫ్ పట్నానికి లారీ పంపే పీడ వదిలింది.

వాటితోపాటు రాజధాని ఖార్తూమ్‌లో వారం ట్రైనింగ్, ఒక్కరికి. ఆరేళ్లుగా ఈ ఆసుపత్రి ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, జనరేటర్ బాగుచేస్తున్నది నేను. వెళ్లేది బాబికిర్. డిప్లొమా ఉంది. డైరెక్టర్ ముఆవియాకి బావమరిది. స్క్రూ ఎటు తిప్పితే ఊడుతుందో తెలీదు.

డైరెక్టర్‌ను అడిగాను. నీ పనితనం నాకు తెలీదా తాజుస్సిర్, కానీ ఫారంలో పనితనం రాసే గడి లేదయ్యా అన్నాడు. నవ్వాడు కూడా.

ఏప్రిల్ 21

బాబికిర్ వచ్చాడు. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించుకుని మరీ. ఏం నేర్పారురా అంటే హోటల్లో కోడి బాగుందన్నాడు. గట్టిగా అడిగితే ఒక్క ముక్క రాలింది. ఈ మిషన్‌కి దుమ్మే శత్రువట, తగలనివ్వకూడదట. ఆ ముక్కే వార్డులన్నీ తిరిగి చెప్పాడు.

పెట్టెలో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం డిక్షనరీ పెట్టుకుని చదువుతున్నాను. వెనకున్న ఫిల్టర్ వారానికోసారి కడగాలని ఉంది. ఆ ముక్క వాడి చెవిన పడలేదు.

ఏప్రిల్ 23

సిస్టర్ బుసైనా మిషన్లకి తొడుగులు కుట్టింది. పసిపిల్లల వార్డు ఆమెదే, నాలుగూ అక్కడే ఉన్నాయి. గులాబీ రంగు సాటిను, చుట్టూ కుచ్చులు. ఇళ్లల్లో టీవీలకి వేస్తారే, అలాంటివి. గాలి పీల్చే జాలీ కూడా మూసుకుపోయింది.

ముక్కు మూస్తే మనిషైనా చస్తాడు సిస్టర్ అన్నాను. భగ్గుమంది. నా పెళ్లినాటి గుడ్డ కత్తిరించి కుట్టాను, రేపు దుమ్ముతుఫాను వస్తే నువ్వు నోటితో ఊదుతావా అంది. పైగా మిషన్లు ఆమె ఉహ్దాలో, అంటే ఆమె పూచీలో, ఉన్నాయి. సర్కారు వస్తువు ఉహ్దాలోకి తీసుకుని సంతకం పెట్టాక, దానిమీద గీత పడినా జవాబు చెప్పాల్సింది ఆ సంతకమే. అందుకే మా ఆసుపత్రిలో కొత్త వస్తువులు కొత్తగానే చస్తాయి.

ఏప్రిల్ 24

పొద్దున తొడుగు వెనకవైపు ఎత్తిపెట్టాను. మధ్యాహ్నానికి దించేసింది.

జూన్ 12

బాబికిర్ జెద్దా వెళ్లిపోయాడు. ఆ సర్టిఫికెట్ చూసి ఏదో ప్రైవేటు ఆసుపత్రి తీసుకుందట. దాతల సొమ్ముతో సౌదీకి మనిషిని తయారుచేసి ఇచ్చాం.

ఇన్నాళ్లూ ప్రతి గురువారం ఎవరికీ చెప్పకుండా ఫిల్టర్లు నేనే కడిగాను. ఇవాళ డైరెక్టర్ వాటి మూతల మీద స్టాంపు కొట్టిన కాగితం అతికించాడు. ట్రైనింగ్ లేనివారు తెరవరాదు. దాతలతో ఒప్పందమట. ఉన్న ఒక్కడూ పోయాడు కదా సార్, ఎవరు తెరవాలి అన్నాను. వచ్చే ట్రైనింగ్ దాకా ఓపిక పట్టు అన్నాడు. ఎప్పుడంటే, ఇన్షా అల్లా అన్నాడు.

దేవుణ్ణి అడ్డం పెట్టుకోవడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

జూన్ 22

కల్తూమా అనే ఆమెకి నెలలు నిండకుండానే ఆడపిల్ల. జొన్న చేలల్లో కూలి మనుషులు. పిల్ల నా అరచేతికంటే కాస్త పెద్దది. మిషన్ పెట్టారు.

కల్తూమా నన్ను డాక్టర్ అనుకుంది. కాదమ్మా, ఫ్యాన్లు బాగుచేస్తాను అన్నాను. ఇదీ గాలి మిషనే కదా నాయనా, ఆగకుండా చూడు అంది. ఏడో రోజున పేరు పెడతారట. పెనిమిటి అప్పుడే పొట్టేలును చూసి పెట్టాడట.

జూన్ 26

రెండు రోజులుగా దుమ్ముతుఫాను. పళ్ల మధ్య ఇసుక.

జూన్ 27, ఉదయం 10

అలారం. పరిగెత్తాను. తొడుగు లాగేశాను. మిషన్ పొయ్యిలా కాలుతోంది. అయినా అలారం ఆగలేదు. ఫిల్టర్ పూడిపోయింది. మిగతా మూడింటి లైట్లూ ఆక్సిజన్ చాలడం లేదని పసుపు రంగులోకి తిరిగాయి. సిలిండర్ ఒక్కటీ లేదు.

కాగితం మీద చెయ్యి వేశాను. బుసైనా నా మణికట్టు పట్టుకుంది. చింపకు బాబూ, నా సంతకం ఉంది, నా పిల్లలు రోడ్డున పడతారు, డైరెక్టర్‌కి ఒక్క ఫోన్ చెయ్యి అంది. ఆయన గెదారెఫ్‌లో మీటింగులో ఉన్నాడు. ఎనిమిదిసార్లు చేశాను.

11.40

ఎత్తాడు. ఇంజినీరును పంపమని ఉత్తరం రాస్తానన్నాడు.

అప్పటికి పిల్లకి గొట్టం తీసేశారు.

అదే రోజు

ఆరో రోజు. మరణాల రిజిస్టర్‌లో పేరు గడి దగ్గర గుమస్తా ఆగాడు. ఏం రాయను అన్నాడు. కల్తూమా కూతురు అని రాశాడు.

గోరుతో గీకితే వచ్చే కాగితం. చింపలేదు నేను. గంటా నలభై నిమిషాలు అందర్నీ తిట్టుకుంటూ నిలబడ్డాను. బుసైనా పట్టు ఎంత? విదిలిస్తే పోయేది.

జూన్ 30

దాతలకి రిపోర్టు. డైరెక్టర్ నా చేతే టైపు చేయించాడు. మిషన్లు నాలుగు. పనిచేస్తున్నవి నాలుగు. ట్రైనింగ్ పొందినవారు ఒకరు. లబ్ధి పొందిన శిశువులు తొమ్మిదిమంది.

ఆ తొమ్మిదిలో కల్తూమా కూతురు ఉందా సార్ అన్నాను.

మిషన్ పెట్టాం కదయ్యా అన్నాడు.

జూలై 1

నాలుగూ తెరిచాను. ఎవర్నీ అడగలేదు. బుసైనా వచ్చి బకెట్ పట్టుకుంది.