ఎత్తు తగ్గించిన పొయ్యి గట్టు

అత్తయ్యా,

వడ్రంగి ఈ పూట వస్తానన్నాడు. నేను డ్యూటీకి వెళ్ళిపోతున్నా, పెత్తనమంతా మీదే. పక్కింటావిడ వంటింట్లోలాగా ఎర్రగా మెరిసే తలుపులు పెట్టమని మాత్రం అనకండి, రెండేళ్ళకే మొహం మొత్తుతాయి. మామూలు చెక్క రంగే ఉంటే మీ మనవరాలు ఉద్యోగంలో చేరేనాటికి కూడా ఎవరూ వంక పెట్టలేరు. ఆ పూచీ నాది. కింద అరలు వద్దు, సొరుగులే పెట్టించండి. వంగి వెతుక్కునే పని ఉండదు.

పొయ్యి ఉండే గట్టు మిగతా గట్టుకన్నా బెత్తెడు కిందకి ఉంటుంది. కొలత తప్పిందని అతని మీద విరుచుకుపడకండి, నేనే అలా చెయ్యమన్నా. అది మీ ఎత్తుకి. చూసినవాళ్ళు ఎగుడుదిగుడుగా ఉందంటే అననివ్వండి, వాళ్ళొచ్చి వండుతారా?

గుమ్మం తగిలి మోకాలు వాచిందంటే మీ అబ్బాయి నమ్మాడు. పొయ్యి అందక పీటెక్కి వండుతూ జారారని నాకు తెలియదనుకున్నారా? నాతో చెబితే మీ సొమ్మేం పోయింది?

అన్నట్టు, ఆ పీట అటక మీద పడేశా. దాన్ని దించాలన్నా మీకు పీటే కావాలి. ఇక మీ పప్పులుడకవు.