బానలో ఉప్పు వేయొద్దమ్మా

అనంతపురం, 1965

గొర్రెలు మిట్టమధ్యాహ్నం ఎండకు తట్టుకోలేక గుంపు కట్టి, తలలన్నీ లోపలికి దూర్చుకుని నిలబడతాయే, సబ్బు కూడా నీళ్ళలో అట్లనే గుంపులుగా ఉంటుందంటమ్మా. నువ్వు ఇది అడగలేదు. ముందు ఇది చెప్పకపోతే మిగతాది చెప్పలేను.

అమ్మకు కుళ్ళాయప్ప దండాలు. నేను ఇక్కడ సబ్బుల కార్ఖానాలో బాగానే ఉన్నాను. నువ్వూ చెల్లి రామక్కా బాగున్నారనుకుంటూ రాస్తున్నాను. నా రాత రెండో తరగతి రాత. యేసన్న మామ కూడబలుక్కుని చదవాల్సిందే. చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

తింటున్నావా అని అడిగినావు. తింటున్నాను. చేతులు పొక్కినాయా అని అడిగినావు. సబ్బు కాచే సోడా కారం తగిలి పొక్కినాయి, మళ్ళీ మానినాయి.

బట్టలు నానేసే బానలో ఉప్పు ఎంత వేయాలి అని కూడా అడిగినావు. పల్చటి సబ్బు నీళ్ళలో చిటికెడు ఉప్పు వేస్తే అంబలి మాదిరి చిక్కబడుతుందని పోయిన జాబులో నేనే రాసినాను. చిక్కబడితే నురగ ఎక్కువ వస్తుందనుకుని నువ్వు పిడికెడు వేసినావు. తన మనవరాలి సమర్తకు నువ్వు ఉతికిచ్చిన తెల్ల దుప్పటి చూసి తిరుపాలమ్మ అవ్వ, "ఏమే సుంకమ్మా, ఇది ఉతికిన దుప్పటా, మజ్జిగలో ముంచిన గోనెసంచా?" అన్నదని యేసన్న మామ చేత రాయించినావు. అది చదివి, జాబు జేబులో పెట్టుకునే పనిలోకి పోయినాను.

ఇక్కడ సబ్బు కాచే బాన దగ్గర మేస్త్రీ ఓబుళేసన్న. ఆయన్ని అడిగినాను.

"రేయ్ కుళ్ళాయీ, నీకు నోరుండాదా? మూగోడనుకుంటి" అని నవ్వి చెప్పినాడు. "కొంచెం ఉప్పు పడితే ఆ గుంపులు ఒకదాన్నొకటి ఒరుసుకోని పొడుగ్గా సాగుతాయి. అందుకే చిక్కదనం. ఎక్కువైతే నీళ్ళు ఉప్పునే పట్టుకుంటాయి, సబ్బును బయటికి తోసేస్తాయి. పైన పెరుగు మాదిరి తేల్తాది. మనం సబ్బు తీసేది అట్లనే కదప్పా."

ఈ గుంపుల సంగతి ఆయనకు సబ్బు కొనడానికి వచ్చిన కాలేజీ అయ్యవారు చెప్పినాడంట.

ఇంక బయమ్మత్త చేత నువ్వు పంపిన నీళ్ళ సీసా సంగతి. ఇందాకటి నుంచీ దాన్నే దాటేసుకుంటూ వస్తున్నాను. మన కొత్త బావి నీళ్ళలో ఓబుళేసన్న సబ్బు తురుము వేసి ఊపినాడు. నురగ రాలేదు. తెల్లగా తునకలు తేలినాయి. ఇంకొన్ని నీళ్ళలో చాకలి సోడా వేసి కాచి, తేర్చి, మళ్ళీ ఊపినాడు. అవే తునకలు.

"ఏం చేస్తే బాగవుతాయన్నా?" అన్నాను.

"ఏం చేసినా కావురా. మీయమ్మ వేయకముందే ఈ నీళ్ళల్లో ఉప్పుండాది."

"వానొస్తే?"

"వానొస్తే యా నీళ్ళయినా మంచివే. యాడుండాది వాన?"

అదీ సంగతి. బండ మీద గట్టిగా బాది బాది మణికట్టు వాచిందని రాయించినావు. బాదొద్దమ్మా. తప్పు నీ చేతుల్లో లేదు. ఊరి పక్కన పారే వంక ఎండిపోయింది, ఉన్న ఒక్క బావి ఇట్లాంటిది. కణేకల్ కాలువకు పోదామంటే, అక్కడ ప్రతి వీధికీ ఉతికేవాళ్ళు ఉన్నారని అక్కడి అక్కమ్మ పెద్దమ్మ ముందే చెప్పింది. ఇక్కడికి పిలుచుకుందామంటే నేను పడుకునేది మగవాళ్ళ షెడ్డులో. నాయన పోయినాక నువ్వు ఉతికే ఇళ్ళు వేసే గింజలతోనే మన పొయ్యి వెలిగింది. తిరుపాలమ్మ అవ్వ పెనుకొండ నుంచి వేరే వాళ్ళను పిలిపించి మూటలు అక్కడికే పంపిస్తానన్నదంటే, మిగతా ఇళ్ళూ అదే దారి పడతాయి.

వాళ్ళు నిన్ను మాన్పించకముందే, ఈ నీళ్ళతో ఇంక ఉతకలేనని నువ్వే పోయి చెప్పడం మేలమ్మా.

ఈ జాబు అందేసరికి మళ్ళీ మాసిన బట్టల మూటలు తెచ్చుకునే రోజు వస్తుంది. ఉతకలేనని చెప్పడానికి ముందు ఎవరి గడప దగ్గరికి పోతావమ్మా?

ఇట్లు,
వంక నీళ్ళలో నువ్వు ఉతికిచ్చిన చొక్కా ఇంకా వేసుకోకుండా దాచుకున్న
నీ కొడుకు కుళ్ళాయప్ప