నా కూతురి చేతిలో బరువు ఎవరూ లాక్కోరాదు

వీధివాళ్లు లాండ్రీ అమ్మ అని పిలిచే నేను, డెబ్బై మూడేళ్లదాన్ని, మంచంలో పడుకుని వకీలు గారి చేత రాయిస్తున్న వీలునామా ఇది. తుంటి విరిగింది గాని మతి చెదరలేదు. ఎవరూ నా చెవిలో ఏదీ ఊదలేదు. దీన్ని అమలుచేసే బాధ్యత వకీలు గారిదే.

1. లాండ్రీ కొట్టు, వెనక ఉతుకు గది, కింద విడిగా రాయించినవి తప్ప అందులోని సమస్తం నా కూతురికి సర్వహక్కులతో చెందాలి. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టే అధికారం ఎవరికీ లేదు. ముందు ఎముకల పరీక్ష చేయించుకుని, చిన్న మూటలతో మొదలుపెట్టి, తడి దుప్పట్లు మళ్లీ తనే ఎత్తాలి.

కారణం చెప్పక తప్పదు. నాకు నెలసరి ఆగిన ఏడు, పోయిన మా ఆయన నా చేతిలో దుప్పటి లాక్కుని, "ఇంక నీకెందుకే ఈ చాకిరీ? హాయిగా కూర్చో" అన్నారు. గల్లాపెట్టె దగ్గర మెత్తటి కుర్చీ వేయించారు. నేనూ మురిసిపోయి కూర్చున్నాను. కూర్చుని కూర్చుని కండ కరిగింది, లోపల ఎముక గుల్లబారింది. ఒకసారి గట్టిగా దగ్గితే వెన్నుపూస నలిగింది. తర్వాత మణికట్టు, ఇప్పుడు తుంటి. "నెలసరి ఆగాక ఎముక తొందరగా అరుగుతుందమ్మా. దాని మీద బరువు పడుతూ ఉండాలి" అన్నారు ఎముకల డాక్టరమ్మ. ఆ మాట ఆ రోజు మాకెవరూ చెప్పలేదు. మా ఆయన్ని తిట్టుకుందామనుకుంటాను, నోరు తెరిస్తే ఏడుపొస్తుంది.

2. ఇల్లు నా కొడుక్కి. నా కోపం కూడా వాడికే. అక్కకు నెలసరి ఆగిందని తెలిసి, ఆమె చేతిలో బుట్ట లాక్కున్నాడు. అచ్చం తండ్రి పోలికే. ఇప్పుడు నా కుర్చీలో నా కూతురు కూర్చుంటోంది. నాయనా, నీ మంచితనం దానికి గొయ్యి తవ్వుతోంది. ఆ కుర్చీ నీ ఇంటికి పట్టుకుపో.

3. బొగ్గుల ఇస్త్రీపెట్టె ఎదురు కొట్టావిడకు. నా ఈడుదే. కుర్చీ ఎక్కిన నన్ను "రాణీగారు" అని వెక్కిరించిందని ఏళ్ల తరబడి మాట్లాడలేదు. ఇవాళ్టికీ అంత బరువు పెట్టెనూ ఒంటిచేత్తో ఎత్తుతుంది. చూసి కుళ్లుకున్నాను, నిజమే.

4. నా రెండు గాజులు కొడుకు కూతురికి. బంగారుతల్లీ, నువ్వు పుట్టేసరికే నా నడుము పోయింది. ఎత్తుకోమని చేతులు చాచేదానివి. నేను కిటికీలో పిట్టను చూపించి మాట మార్చేదాన్ని. నాన్నమ్మకు నీమీద ప్రేమ లేదనుకోకు. ఒక్కసారి ఎత్తుకోవాలని ఎంత ఉండేదో.

5. నన్ను మోసేటప్పుడు పాడె ముందు కొస నా కూతురు పట్టాలి. "నీవల్ల కాదక్కా" అని తమ్ముడు అడ్డొస్తే, వకీలు గారు ఈ షరతు పైకి చదివి వినిపించాలి. భయపడకు తల్లీ, భుజం పెట్టు. నాలో ఇప్పుడు బరువేమీ మిగల్లేదు.

తేదీ: ఆగస్టు పందొమ్మిది, మంగళవారం.

చేవ్రాలు: లాండ్రీ అమ్మ
(కుడి మణికట్టు సరిగా అతకనందున ఎడమచేత్తో పెట్టినది)

సాక్షులు:
ఎముకల డాక్టరమ్మ
పక్క కొట్టు గడియారాల మేస్త్రీ