నాలుగు మూలల పసుపు

గురువారం, రాత్రి

సరోజ కూతురి పెళ్లి కార్డు ఈ రోజుతో పూర్తయింది. బడిలో నా పక్కన కూర్చున్న సరోజ, పోయిన వారం రేగొండ నుంచి ఘనపూర్‌లోని నా ప్రింటింగ్ షాపుకు వచ్చి ముందే చెప్పింది.

"కార్డులు పెద్దోళ్లకే కొట్టియ్యే. మిగిలినోళ్లకు ఫోన్ల పంపుత. ఇల్లిల్లు తిరుగుడు నాతోని గాదు. గని ఫోన్ కార్డుకు గూడ నాలుగు మూలల పసుపు కనవడాలె."

నిజంగా వేలితో అద్దినట్టు ఉండాలని, ఒక్కో మూల రంగును ఒక్కో తీరుగా చెదరగొట్టాను. మధ్యాహ్నం వచ్చి కార్డుల కట్ట తీసుకుంది. ఫైలు ఆమె ఫోన్‌కు పంపాను. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. బొట్టు పెట్టి పిలుస్తుందేమోనని చేతులు తుడుచుకున్నాను. ఆటో వచ్చిందేమో చూడటానికి ఆగిందట.

సాయంత్రం నా ఫోన్ మోగింది. నేను పంపిన ఫైలే నాకు తిరిగొచ్చింది. కింద "కుటుంబ సమేతంగా రాగలరు" అని ఉంది. నన్ను "ఏమే" అని తప్ప పిలవని మనిషి!

మా ఆయనకు చూపిస్తే నవ్వాడు. "నువ్వు చేసిన కార్డే గదనే. మల్ల నీకిచ్చుడేంది?"

నిజమే. పెళ్లికి పోకుండా ఉంటానా? కానీ అందరూ ఇలాగే పిలిస్తే, షాపు సంగతి అటుంచి, మన గడప తొక్కేదెవరు...

షాపులో ఒక కార్డు మిగిలితే ఇంటికి తెచ్చుకున్నాను. వంటింట్లో పసుపు డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాను. అది సరోజే అద్దాలి.